ఎత్తు తగ్గదు, కాళ్లు తగ్గుతాయి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "పావుగంట మాట్లాడాలె. ఇంజినీరింగు గురించి మాత్రం వద్దు, అందరికీ నిద్రొస్తది" అన్నారు. అందుకని బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడతాను. అందులోనూ ఒక చిన్న ముక్క గురించే. ఏడడుగుల మనుషులు ముసలివాళ్లయితే వాళ్ల ఆట ఏమవుతుంది? వనపర్తిలో కూర్చుని ఈ గొడవ మనకెందుకు అనిపించవచ్చు. ఎందుకో తర్వాత చెబుతాను. మధ్యలో ఇంజినీరింగు దూరదని మాత్రం మాట ఇవ్వలేను.

నేను ఉద్యోగరీత్యా 2000 నుంచి పదేళ్లకు పైగా అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉన్నాను. అక్కడ మన తెలుగువాళ్లు చాలామంది. వారాంతం వస్తే ఎవరో ఒకరింట్లో బిర్యానీ, టీవీలో రాకెట్స్ జట్టు ఆట. రాకెట్స్ అంటే హ్యూస్టన్ వాళ్ల ఎన్‌బీఏ జట్టు. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియని మాలాంటి వాళ్లం కూడా రెండేళ్లకు ఆ జట్టుకు బంధువులమైపోయాం. దానికి కారణం యావ్ మింగ్. చైనా నుంచి వచ్చిన 7 అడుగుల 6 అంగుళాల మనిషి. 2002లో ఎన్‌బీఏ ఎంపికలో మొట్టమొదటి పేరు ఆయనదే. మన ఆసియావాడు అనే అభిమానం ఒకటి, ఆ ఎత్తులో అంత మెత్తగా బంతి వేసే చెయ్యి ఒకటి, రెండూ కలిసి మమ్మల్ని కట్టి పడేశాయి.

2008 ఫిబ్రవరిలో రాకెట్స్ వరసగా 12 ఆటలు గెలిచింది. అప్పుడే పిడుగులాంటి వార్త. యావ్ ఎడమ పాదంలో ఎముక చిట్లింది, ఆ సీజన్‌కు ఇక లేడు. ఆయన స్థానంలో దిగింది ఎవరనుకున్నారు? డికెంబే ముటుంబో. కాంగో దేశం వాడు, 7 అడుగుల 2 అంగుళాలు, అప్పటికి 41 ఏళ్లు. మాలో ఒకాయన "ఇగ అయిపాయె" అని రిమోట్ పక్కన పెట్టేశాడు. జట్టు ఇంకో 10 గెలిచింది. మొత్తం 22 వరస విజయాలు. అప్పటికి ఎన్‌బీఏ చరిత్రలో అంతకంటే పొడవైన వరస ఒక్కటే ఉంది. ఆ ముసలాయన పరుగులు పెట్టలేదు, పెద్దగా పాయింట్లూ వేయలేదు. బుట్ట కింద నిలబడి వచ్చిన బంతినల్లా కొట్టి పంపి, ప్రత్యర్థి ముఖం ముందు చూపుడువేలు అటూ ఇటూ ఊపేవాడు, కుదరదు నాయనా అన్నట్టు.

మరుసటి ఏడాది, 2009 ఏప్రిల్‌లో, పోర్ట్‌లాండ్ మీద ఆడుతూ ముటుంబో మోకాలు దెబ్బతింది. అక్కడితో ఆయన ఆట ముగిసింది. వయసు 42. మూడు వారాల లోపే లాస్ ఏంజిలిస్ మీద ఆడుతుండగా యావ్ ఎడమ పాదం మళ్లీ చిట్లింది. వయసు 28. ఆ తర్వాతి సీజన్ మొత్తం పోయింది, దాని తర్వాతి దాంట్లో ఐదే ఐదు ఆటలు. 2011 జూలైలో, ముప్పై ఏళ్లకే, సెలవు తీసుకున్నాడు.

ఒకే జట్టు, ఒకే స్థానం, నెల తిరగకుండా ఇద్దరి కాళ్లూ కూలాయి. కానీ ఒకరికి 42, ఒకరికి 28. ఇది నా తలలో చాలాకాలం తిరిగింది. వయసు అంటే క్యాలెండర్‌లో సంవత్సరాలైతే ఈ లెక్క కుదరదు కదా.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం, రెండే నిమిషాలు. మనలో మామూలు మనిషి 170 సెంటీమీటర్లు, 65 కిలోలు అనుకోండి. యావ్ 229 సెంటీమీటర్లు. అంటే ఎత్తు సుమారు 1.35 రెట్లు. అదే అచ్చులో మనిషిని పెద్దగా పోస్తే, ఎముక మందం, అంటే అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం, 1.35ను 1.35తో హెచ్చించినంత, 1.8 రెట్లు పెరుగుతుంది. బరువు మాత్రం మూడుసార్లు హెచ్చించినంత, దాదాపు రెండున్నర రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన ఆయన 159 కిలోలు ఉండాలి. ఉన్నది 141. అంటే ఆయన ఎత్తుకు సన్నగానే ఉన్నట్టు. అయినా 65 మీద 141 అంటే 2.17 రెట్లు. మోసే ఎముక 1.8 రెట్లే. ప్రతి చదరపు సెంటీమీటరు ఎముక మీద మనకంటే 20 శాతం ఎక్కువ భారం, ఊరికే నిలబడితేనే. దూకి దిగితే దాని మీద కొన్ని రెట్లు.

20 శాతమే కదా అనకండి. మా వృత్తిలో దీన్ని అలసట అంటాం, లోహానికి వచ్చే అలసట. లారీ కమాన్ పట్టీ ఒక్కరోజు ఓవర్‌లోడుకు విరగదు. ఏళ్ల తరబడి మోసి మోసి, కంటికి కనపడని గీత ఒకటి లోపల పాకుతూ పోయి, ఒకరోజు ఖాళీ బండి చిన్న గుంతలో పడ్డప్పుడు టక్కున విరుగుతుంది. డ్రైవరు ఆ గుంతను తిడతాడు. వెల్డింగు చేసిన ఉక్కులో ఒత్తిడి 20 శాతం పెరిగితే ఆయుష్షు 20 శాతం కాదు, సుమారు 40 శాతం పోతుంది. ఎముక ఉక్కు కంటే మేలైనది, తన పగుళ్లను తానే పూడ్చుకుంటుంది. కాకపోతే దానికి టైం ఇవ్వాలి. పగులు పడే వేగం పూడే వేగాన్ని దాటిందంటే అదే డాక్టర్లు చెప్పే స్ట్రెస్ ఫ్రాక్చర్. వయసు పెరిగే కొద్దీ పూడే వేగం తగ్గుతుంది. భారం పెరిగితే పడే వేగం పెరుగుతుంది. ఏడడుగుల మనిషికి రెండో గండం ఇరవైల్లోనే మొదలవుతుంది.

యావ్‌కు ఆ టైం ఎవరిచ్చారు? మొదటి మూడు సీజన్లలో 82, 82, 80 ఆటలు ఆడాడు. అంటే మూడేళ్లలో తప్పినవి రెండే. అక్టోబరు నుంచి వసంతం దాకా అమెరికాలో, ఎండాకాలం వస్తే చైనా జాతీయ జట్టుకు. 17 ఏళ్ల నుంచి షాంఘైలో వృత్తి ఆటగాడు. నాలుగో సీజన్ నుంచి చూడండి: 57, 48, 55. నేను చెప్పిన పగులు తర్వాత 2008 మార్చిలో పాదానికి ఆపరేషన్, ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్. ప్రారంభోత్సవంలో దేశ పతాకం పట్టుకుని, సిచువాన్ భూకంపంలో బతికిన చిన్న పిల్లాడిని పక్కన పెట్టుకుని నడిచాడు. ఆ పిల్లాడి తల ఆయన నడుము దాకా కూడా రాలేదు. టీవీలో చూస్తూ మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం ఆయన ఎడమ కాలు చూస్తున్నాను. ఆయనను ఆపగలిగిన వాళ్లు ఎవరు? నూటముప్పై కోట్ల మంది చూస్తుంటే, నాకు రెస్టు కావాలి అనగలిగేవాడు ఎవరు?

ముటుంబో సంగతి వేరు. ఆయన చిన్నప్పుడు ఫుట్‌బాల్ గోల్‌కీపర్. బాస్కెట్‌బాల్ ఆలస్యంగా పట్టాడు, డాక్టరు చదువుదామని అమెరికా వచ్చాడు, 25 ఏళ్లకు గానీ ఎన్‌బీఏలో అడుగు పెట్టలేదు. యావ్ కంటే బరువు చాలా తక్కువ. చివరి ఏళ్లలో జట్టు కూడా ఆయన్ని పొదుపుగా వాడింది. 2008–09 సీజన్‌లో మామూలు ఆటలు తొమ్మిదే. అదృష్టం పాత్ర కూడా ఉంది, కాదనను. పాదాల నిర్మాణం అందరికీ ఒకటి కాదు. కానీ ఎన్నిసార్లు దూకి దిగాడు, ఎంత బరువుతో దిగాడు, మధ్యలో ఎంత విశ్రాంతి దొరికింది అన్న లెక్క, పుట్టిన తేదీ కంటే ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

మన ఊరి ఉదాహరణ ఒకటి చెప్పి ముందుకు పోతాను. సరళాసాగర్ మనందరికీ తెలుసు. 1950లలో కట్టింది. దాని గొప్ప అంతా సైఫన్లలో ఉంది. నీళ్లు నిండితే మనిషి చెయ్యి పడకుండా వాటంతటవే తెరుచుకుంటాయి. మనం పిక్నిక్‌లకు పోయి నోళ్లు తెరుచుకుని చూసినవి అవే. 2019 డిసెంబరు 31న తెగింది ఏమిటి? మట్టి కట్ట. పేరు తెచ్చిన భాగం ఒకటి, ముందు అలిసిపోయే భాగం ఇంకొకటి. పొడుగు ఆటగాళ్లలో కూడా ఇంతే. పేరు తెచ్చింది ఎత్తు. అది యాభైకి కూడా పెద్దగా తగ్గదు. పోయేవి పాదం, మోకాలు, నడుము.

అందుకే కొందరు కాళ్లు పోయాక కూడా నిలిచారు. ఇందులో అందరికంటే పెద్ద పేరు కరీం అబ్దుల్ జబ్బార్. 7 అడుగుల 2 అంగుళాలు. 1969 నుంచి 1989 దాకా 20 సీజన్లు, 1,560 ఆటలు, 38,387 పాయింట్లు. ఆ రికార్డు 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ జేమ్స్ దాటేదాకా దాదాపు 39 ఏళ్లు నిలిచింది. నేను ఆయన్ని వీడియోల్లో చూసినవాణ్నే. ఆయన లెక్కల్లో ఒక చిత్రం ఉంది. బోర్డుకు తగిలి పడే బంతిని ఎగిరి పట్టుకోవడాన్ని రీబౌండ్ అంటారు. 1975–76లో ఆటకు సగటున 16.9 రీబౌండ్లు పట్టాడు. పదేళ్ల తర్వాత, 1985–86లో, 6.1. మూడో వంతుకు పడిపోయింది. కానీ పాయింట్లు? 38 ఏళ్ల వయసులో ఆటకు 23.4. కొంత జట్టు మారినందువల్ల అనుకోండి, పక్కన పట్టేవాళ్లు ఉన్నారు. అయినా కాళ్లతో చేసే పని, చేతితో చేసే పని ఎలా విడిపోయాయో చూడండి.

ఆ చేతి పని పేరు స్కైహుక్. బుట్టకు పక్కగా తిరిగి, ఒక భుజాన్ని గోడలా పెట్టి, రెండో చేతిని తల మీదుగా పూర్తిగా చాచి, మణికట్టుతో బంతిని పైనుంచి వదలడం. పెద్దగా ఎగరనక్కర్లేదు. ఎత్తూ, చెయ్యి పొడవూ, వేళ్ల స్పర్శా చాలు. దాని మూలాలు బడి రోజుల్లో ఉన్నాయి. బుట్ట కింద నిలబడి కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి వేస్తూ ఉండే ఒక పాత అభ్యాసాన్ని చిన్నప్పుడే పట్టాడు. కాలేజీలో ఉండగా, 1967లో, బంతిని బుట్టలోకి గుద్దడాన్ని, అంటే డంక్‌ను, కాలేజీ ఆటలో నిషేధించారు. ఈయన కోసమే పెట్టిన రూలు అని అప్పుడే అన్నారు. ఆ నిషేధం ఆయనకు వరమైంది. గుద్దడానికి కాళ్లు కావాలి, హుక్‌కు చెయ్యి చాలు. 1970ల నుంచే యోగా కూడా చేశాడు, తన నిలకడకు అదొక కారణమని ఆయనే చెప్పుకున్నాడు. మనం జూన్ 21న ఫొటో దిగి వదిలేసేది.

1985 ఫైనల్స్ మొదటి ఆటలో బోస్టన్ చేతిలో లేకర్స్ 148–114తో చిత్తయింది. కరీంకు 12 పాయింట్లు, 3 రీబౌండ్లు. 38 ఏళ్లు, అయిపోయాడు అన్నారు. రెండో ఆటలో 30 పాయింట్లు, 17 రీబౌండ్లు. లేకర్స్ గెలిచింది, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు ఆయనే.

పక్కన షకీల్ ఓనీల్‌ను పెట్టండి. 7 అడుగుల 1 అంగుళం, సుమారు 147 కిలోలు. 1999–2000లో ఆటకు 29.7 పాయింట్లు. ఆయన బుట్ట వైపు తిరిగితే ఆపడానికి ముగ్గురు చాలేవాళ్లు కాదు. 2000 నుంచి వరసగా మూడు టైటిళ్లు. కానీ ఆ ఆటంతా బలం, పేలుడులాంటి వేగం. ఎదురుగా ఎవరూ లేకుండా నిలబడి వేసే ఫ్రీ త్రోలలో ఆయన జీవితకాలపు సగటు 52.7 శాతం, రెండింట్లో ఒకటి. 34 ఏళ్ల వయసులో, 2006–07లో, ఆడింది 40 ఆటలు, సగటు 17.3. కరీం 34లో 76 ఆటలు ఆడి 23.9 వేశాడు. షాక్ నాలుగు టైటిళ్లు గెలిచినవాడు, ఆయన్ని తక్కువ చేయడం లేదు. పునాది బలం మీద వేస్తే బలంతో పాటే దిగుతుంది అంటున్నాను. డ్వైట్ హోవార్డ్‌దీ అదే కథ. వరసగా మూడేళ్లు ఉత్తమ డిఫెండర్, 2012లో నడుముకు ఆపరేషన్, తర్వాత ఊరూరా తిరిగాడు. చివరికి 2020లో లేకర్స్‌లో చిన్న పాత్ర ఒప్పుకుని టైటిల్ అందుకున్నాడు. ఆ ఒప్పుకోవడం ఎంత కష్టమో, ఆఫీసులో తన జూనియర్ కింద పని చేసిన వాళ్లకు తెలుసు.

టిమ్ డంకన్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 6 అడుగుల 11 అంగుళాలు. చిన్నప్పుడు ఈతగాడు. 1989లో హ్యూగో తుపాను వాళ్ల ద్వీపంలోని ఈతకొలనును నాశనం చేస్తే బాస్కెట్‌బాల్‌కు వచ్చాడు. బంతిని పలకకు సరైన కోణంలో కొట్టి బుట్టలో వేసేవాడు, చూడటానికి ఏ మెరుపూ ఉండదు, మా లాంటి ఇంజినీర్లకు మాత్రం పండగ. ఆయన కోచ్ గ్రెగ్ పోపోవిచ్ పెద్దవాళ్లను కావాలనే కొన్ని ఆటలకు కూర్చోబెట్టేవాడు. 2012 మార్చిలో ఒక ఆట స్కోరుషీటులో డంకన్ ఎందుకు ఆడలేదు అన్న గడిలో "ముసలితనం" అని రాయించారు! అప్పటికి ఆయనకు 35. అదే ఏడాది నవంబరులో డంకన్‌తో సహా ముఖ్యులను ఆటకు ముందే ఇంటికి పంపినందుకు లీగు రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. టికెట్ కొన్నవాళ్ల సంగతేంటి అని. న్యాయమైన ప్రశ్నే. కానీ నేను పోపోవిచ్ పక్షం. మిషనును ఆపి నూనె వేయనివ్వని యజమాని దగ్గర నేనూ పని చేశాను. 2014లో, 38 ఏళ్లకు, డంకన్ ఐదో టైటిల్ గెలిచాడు.

అయితే చిన్నప్పుడు నేర్చుకోకపోతే ఇక అంతేనా? అంతే అందామనుకున్నాను గానీ బ్రూక్ లోపెజ్ అడ్డొస్తాడు. 7 అడుగుల పైన ఉన్నవాడు, పాదానికి పదే పదే ఆపరేషన్లు అయినవాడు. మొదటి ఎనిమిది సీజన్లలో దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బుట్టలు మూడంటే మూడు. 2016–17లో, 28 ఏళ్లప్పుడు, ఒక్క సీజన్‌లో 134 వేశాడు. బుట్ట కింద తోపులాట నుంచి బయటికి జరిగి ఆయుష్షు పెంచుకున్నాడు, 2021లో మిల్వాకీతో టైటిల్ గెలిచాడు. కానీ ఒకటి గమనించండి. ఆయన ఫ్రీ త్రోలు ముందు నుంచీ బాగా వేసేవాడు. చేతిలో స్పర్శ ఉంది. దూరం మారింది, చెయ్యి కొత్తది కాదు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. పి.వి. రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన మన వాలీబాల్ జట్టులో ఆడారు. ఆయన భార్య విజయ గారూ వాలీబాల్ క్రీడాకారిణే. వాళ్ల అమ్మాయి సింధు, 179 సెంటీమీటర్లు. బ్యాడ్మింటన్‌లో ఆ ఎత్తు పై నుంచి కొట్టడానికి వరం, నెట్ దగ్గర కింద పడే షటిల్ కోసం వంగి లేవడానికి శిక్ష. 2022లో బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది, అప్పుడే ఎడమ కాలికి స్ట్రెస్ ఫ్రాక్చర్. ఆ ఏడాది ప్రపంచ పోటీలు పోయాయి, 2023 జనవరిలో గానీ తిరిగి రాలేదు. అప్పటికి 27. యావ్ పాదం గురించి నేను చెప్పిన మాటలన్నీ మళ్లీ చెప్పనక్కర్లేదు కదా.

మన బడిలో ఇప్పుడు తొమ్మిదో తరగతిలోనే ఆరడుగులు దాటిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, పొద్దున ప్రార్థనలో చూశాను. పొడుగు పిల్లాణ్ని చూడగానే మనం చేసే పని ఒకటుంది. "నువ్వు పొడుగున్నవ్, అక్కడ నిలబడు, చెయ్యి ఎత్తు" అంటాం. బంతి నడిపేది పొట్టివాళ్లు, పాస్ ఇచ్చేది పొట్టివాళ్లు. పొడుగోడికి దూకడమే పని. ఇది మన ఊరి తప్పు కాదు, అన్ని ఊళ్లలోనూ ఇంతే. కానీ ఆ పిల్లాడి కాళ్లు ఖర్చవుతుంటాయి, చేతులకు ఏమీ రాదు. పీఈటీ సారు అనుమతిస్తే నాదొక కోరిక. పదో తరగతి దాకా పొడుగు పిల్లలకు కూడా బంతి నడపడం, ఎడమచెయ్యి, పాస్, ఫ్రీ త్రో నేర్పండి. దూకుళ్లు లెక్క పెట్టి చేయించండి. ఆదివారం ఈతకో, సైకిలుకో వదలండి.

ఇక అసలు విషయం. స్వర్ణోత్సవ నిధితో రోడ్డు వైపు పెద్ద ఆర్చి కట్టాలని కమిటీలో కొందరి ఆలోచన. నాకు ఆర్చి మీద కోపం లేదు, అవి గీసే అన్నం తిన్నవాణ్ని. కానీ మన కోర్టు ఏం ఉంది? పగిలిన సిమెంటు, వానొస్తే నీళ్లు, ఒకటే పోస్టు. దాని మీద పెరిగే పిల్లలు దూకుతున్నారు. కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉండాలి. చుట్టూ రెండేసి మీటర్లు వదిలితే 32 ఇంటు 19, మొత్తం 608 చదరపు మీటర్లు. నీళ్లు జారేలా నూటికి ఒకటి వాలు, పైన మెత్తని పొరతో యాక్రిలిక్ పూత. పెద్ద బుట్టలు 3.05 మీటర్ల ఎత్తున రెండు, పక్కన చిన్న పిల్లల కోసం 2.60 మీటర్ల ఎత్తున ఇంకో రెండు. ఆ చిన్నవి చాలా ముఖ్యం. చెయ్యి తిరిగేది అక్కడే, ఎగరకుండానే.

డ్రాయింగు, అంచనా రెండూ తెచ్చాను. డిజైను ఫీజు లేదు. భోజనాల దగ్గర ఎడమ వైపు బల్ల మీద పరుస్తాను. ఆర్చి పక్షం వాళ్లు కూడా రండి, చెయ్యి కడుక్కుని.